దురద పుట్టినప్పుడు ఏమనుకుంటారు?

'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అంటారు. పక్కవాళ్ల గొడవలో తలదూర్చేవాళ్ల నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి సామెత లేదు. 'వాడికి నోటి దురద', 'వీడికి చేతి దురద', 'ఒళ్లు తీటెక్కిందా?'... తెలుగులో దురద చుట్టూ తిరిగే మాటలన్నీ దాదాపు ఇలాంటివే. అయితే వెక్కిరింపు, కాకపోతే తిట్టు. బడిలో బెత్తం తీసేముందు పంతులుగారు అడిగే మాట కూడా అదేగా!

అందుకేనేమో... నొప్పి అంటే జాలిపడే మనుషులు దురద అంటే నవ్వేస్తారు. కాలు విరిగిందంటే పళ్లు పట్టుకుని పలకరించడానికి వస్తారు. ఏడాదిగా ఒళ్లంతా దురద అని చెప్పి చూడండి, కూర్చున్న కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుంటారు.

మరి ఆ కుర్చీ జరగడం చూసిన మనిషి ఏమనుకుంటాడు? రాత్రి రెండు గంటలకి, ఇంట్లో అందరూ నిద్రపోతుంటే, లేచి కూర్చుని కాళ్లు గోక్కుంటున్నప్పుడు అతని మనసులో ఏం తిరుగుతుంది? వైద్యం ఈ ప్రశ్నని చాలాకాలం పట్టించుకోలేదు. ఎక్కడ దురద, ఎన్నాళ్ల నుంచి, ఏం తిన్నావు... అడిగేవి ఇవే. కానీ దురద పుట్టినప్పుడు మనిషి ఏమనుకుంటాడన్నది ఊసుపోక అడిగే ప్రశ్న కాదనీ, ఆ ఆలోచనల్ని రక్తపోటులా, చక్కెరలా అంకెల్లో కొలవొచ్చనీ పరిశోధకులు తేల్చి ముప్ఫై ఏళ్లు దాటింది. అంతేకాదు, ఆ ఆలోచనలు మారితే చర్మం కూడా మెరుగుపడుతుందని చూపించారు.

సొన, గడ్డి, వయ్యారిభామ

హైదరాబాద్ నుంచి విజయవాడ దారి పట్టి ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటి వెళ్తే బాటసింగారం. కొత్తపేట దగ్గర ఏళ్ల తరబడి నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021-22లో ఇక్కడికే తరలింది. వేసవి వచ్చిందంటే మామిడికాయల లోడు దించేవాళ్లు, ఏరి గ్రేడు చేసేవాళ్లు, పెట్టెల్లో సర్దేవాళ్లు... అందరి చేతులూ పండ్లలోనే.

మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన ఎంత ఘాటో పెద్దగా చెప్పనక్కర్లేదు. పడినచోట చర్మం కమిలి నల్లబడుతుంది. మామిడి, జీడిమామిడి, ఒకప్పుడు చాకిరేవులో బట్టలకి గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి... మూడూ ఒకే కుటుంబం చెట్లు. వీటి రసాల్లో ఉండే పదార్థాలు కొందరి చర్మానికి అస్సలు పడవు. ఒకసారి ఒంటికి అలర్జీ అలవాటైతే ఆ తర్వాత చిన్న చుక్క తగిలినా దద్దుర్లూ, నీటిపొక్కులూ, దురదా తప్పవు. పండ్ల అడుగున పరిచే వరిగడ్డి గుచ్చుకోవడం, ఎండకి కారే చెమట, తడిసి ఆరని బట్టలు దీనికి తోడు.

మార్కెట్టు దాటి అవతలికి వెళ్తే ఖాళీ జాగాల్లో, రోడ్ల పక్కన తెల్లటి చిన్న పూలతో విరగబూసే మొక్క ఉంది. పేరు చూస్తే వయ్యారిభామ. కొన్నిచోట్ల కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950ల్లో అమెరికా నుంచి తెప్పించుకున్న గోధుమలతోపాటు మనదేశంలో పాకిందని చెబుతారు. దీన్ని ముట్టుకోవక్కర్లేదు కూడా. ఎండిన మొక్క పొడి గాల్లో ఎగిరి పడితే చాలు, అలర్జీ ఉన్నవాళ్లకి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దురద మొదలవుతుంది. పొలాల్లో ఏళ్లతరబడి పనిచేసిన రైతుల్లో ఇది ముదిరి, చర్మం దళసరెక్కి, పదేళ్లయినా వదలని జబ్బుగా మారుతుంది.

వీటన్నిటికీ మించి తామర. గజ్జల్లో, నడుము చుట్టూ, మొలతాడు కట్టేచోట గుండ్రంగా పాకే ఈ బూజు జబ్బు ఇప్పుడు దేశమంతటా మొండికేసింది. దాని సంగతి మళ్లీ చూద్దాం.

ఇలాంటి జబ్బుతో బాధపడే మనిషి మొట్టమొదట వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు. సందు చివర మందుల షాపుకి. 'అన్నా, తీటకు మంచి మందియ్యి' అంటే ఓ ట్యూబు చేతికొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీనగర్‌లోనో చర్మం డాక్టరుకి చూపించుకోవాలంటే ఒక పూట కూలి పోతుంది. బస్సు ఛార్జీలు, ఫీజు అదనం. పైగా 'దురదకి కూడా డాక్టరా?' అన్న నవ్వులాట ఒకటి.

అయిదారు వారాలు దాటితే...

దురద అంటే ఏమిటో చెప్పమంటే చాలామంది తడబడతారు. జర్మన్ వైద్యుడు శామ్యూల్ హాఫెన్‌రెఫర్ 1660లోనే ఒక్క ముక్కలో చెప్పాడు: గోక్కోవాలన్న కోరిక పుట్టించే చికాకు. మూడున్నర శతాబ్దాలు గడిచినా ఇంతకన్నా మంచి నిర్వచనం రాలేదు. ఈ నిర్వచనంలో చర్మం లేదు, మచ్చ లేదు. ఉన్నదల్లా ఒక అనుభవం, ఒక కోరిక. రెండూ మనిషి చెబితే తప్ప పక్కవాళ్లకి తెలియనివే.

దోమ కుడితే పుట్టే దురద కాసేపటికి పోతుంది. అది ఒంటికి కావలివాడి లాంటిది. పురుగో, ముల్లో తగిలిందని చెప్పి తప్పుకుంటుంది. ఆరు వారాలు దాటినా పోకపోతే దాన్ని దీర్ఘకాలిక దురద అంటారు వైద్యులు. ఎగ్జిమా, సోరియాసిస్, మొండి దద్దుర్లు, తామర... చర్మం జబ్బులు చాలానే ఉన్నాయి. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నా దురద పుడుతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో చాలామందికి రాత్రిళ్లు నిద్రలేకుండా చేసేది ఇదే.

ఇంత పెద్ద బాధకి రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. మరి మందు పనిచేసిందో లేదో తెలిసేదెలా? అడగడమే మార్గం. ఆ అడగడంలోనే ఉంది కిటుకంతా.

సున్నా నుంచి పది దాకా

అన్నిటికన్నా తేలికైంది సున్నా నుంచి పది లెక్క. అసలు దురద లేకపోతే సున్నా. ఇంతకుమించి ఊహించలేమనుకుంటే పది. 'నిన్నటి నుంచి ఇవాళ్టికి మీ దురద ఎంత?' అని అడుగుతారు, రోగి ఒక అంకె చెబుతాడు. ఎగ్జిమాకి వచ్చిన కొత్త ఇంజెక్షన్ల పరీక్షల్లో కూడా ఇదే కొలబద్ద. అంకె కనీసం నాలుగు తగ్గితే మందు రోగికి నిజంగా మేలు చేసినట్టు లెక్కేస్తారు.

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఆండ్రూ ఫిన్లే, ఖాన్ అనే ఇద్దరు వైద్యులు 1994లో ఇంకో అడుగు ముందుకేశారు. పది ప్రశ్నల కాగితం తయారుచేశారు. గడిచిన వారంలో దురద, మంట ఎంతున్నాయి? నలుగురిలో సిగ్గుపడ్డారా? ఇంటి పనికి, బజారుకి వెళ్లడానికి అడ్డమైందా? వేసుకునే బట్టలు మార్చుకోవాల్సి వచ్చిందా? పని, చదువు, దాంపత్యం ఎలా ఉన్నాయి? జవాబుల్ని కలిపితే సున్నా నుంచి ముప్ఫై మధ్య ఓ మొత్తం వస్తుంది. అంకె పెరిగేకొద్దీ జబ్బు బతుకుని అంతగా నమిలేస్తోందని అర్థం. చర్మవైద్యంలో ప్రపంచమంతా ఎక్కువగా వాడే ప్రశ్నావళి ఇదే. 2010లో అమెరికా పరిశోధకులు దురదకే ప్రత్యేకంగా మరొకటి తెచ్చారు. రోజులో ఎంతసేపు, ఎంత తీవ్రంగా, పెరుగుతోందా తగ్గుతోందా, ఏయే పనులకి అడ్డం, ఒంట్లో ఎక్కడెక్కడ... ఈ అయిదింటినీ కలిపి 5 నుంచి 25 మధ్య మార్కులేస్తారు.

ఇవన్నీ మంచివే. కానీ ఒకటి వదిలేస్తాయి.

ఇద్దర్ని ఊహించుకోండి. ఒకాయన మార్కెట్లో హమాలీ. ఒకామె అక్కడే పండ్లు ఏరే పనిలో ఉంది. ఇద్దరికీ ఒకే జబ్బు, ఒకే చోట మచ్చలు. దురద ఎంత అంటే ఇద్దరూ ఏడే అన్నారు. దురద లేవగానే ఆయన, 'మళ్లీ మొదలైంది. ఇక ఈ రాత్రి నిద్ర లేనట్టే. ఇది నన్ను చచ్చేదాకా వదలదు' అనుకుంటాడు. ఆమె, 'కాసేపట్లో తగ్గుతుంది. తడిగుడ్డ వేసుకుని పని చూసుకుందాం' అనుకుంటుంది. కాగితం మీద ఇద్దరికీ ఏడే. ఆర్నెల్ల తర్వాత ఇద్దరి చర్మమూ ఒకేలా ఉంటుందా?

ఆలోచనలకి మార్కులు

జర్మనీలో అంకే ఎలర్స్, ఉల్రిచ్ స్టాంగియర్, ఊవే గీలర్ తదితరులు 1990ల మొదట్లో పట్టుకున్నది సరిగ్గా ఈ తేడానే. ఎలర్స్, స్టాంగియర్ మనస్తత్వ నిపుణులు, గీలర్ చర్మవైద్యుడు. 'దురద ఆలోచనల ప్రశ్నావళి' ఒకటి తయారైంది. అందులో ప్రశ్నలు ఉండవు. దురద వచ్చినప్పుడు మనసులో మెదిలే మాటలు వరసగా రాసి ఉంటాయి. ఒక్కో మాట పక్కన 'ఇలా ఎప్పుడూ అనుకోను' నుంచి 'ఎప్పుడూ ఇలాగే అనుకుంటాను' దాకా గళ్లుంటాయి. రోగి తనకి సరిపోయేచోట గుర్తు పెట్టాలి.

ఆ మాటలన్నీ రెండు కుప్పలు. ఒకటి చేతులెత్తేసే ఆలోచనలు. ఇది ఎప్పటికీ పోదు, నా వల్ల కాదు, అందరూ నన్నే చూస్తున్నారు, గోకకుండా ఉంటే పిచ్చెక్కుతుంది... ఈ తరహావి. రెండోది నిలదొక్కుకునే ఆలోచనలు. కాసేపు ఓపిక పడితే తగ్గుతుంది, ఇంతకుముందూ ఆపుకోగలిగాను, ఇంకో పనిలో పడితే మర్చిపోతాను... ఇలాంటివి. రెండిటికీ వేరువేరుగా మార్కులు లెక్కేస్తారు. ఎందుకంటే ఒకటి ఎక్కువైతే రెండోది తక్కువ కావాలనేం లేదు. పొద్దున ధైర్యంగా ఉండే మనిషే రాత్రి బెంబేలెత్తిపోవచ్చు.

సరే, కొలిచారు. ఏం ఒరిగింది? ఆ ముగ్గురే 1995లో ఫలితం ప్రచురించారు. ఎగ్జిమాలో ఒక మొండి రకం ఉన్న 113 మందిని విడదీసి, కొందరికి జబ్బు గురించీ చర్మం సంరక్షణ గురించీ పాఠాలు చెప్పారు. కొందరికి ఒళ్లు వదులుచేసుకునే సాధన నేర్పారు. కొందరికి దురద వచ్చినప్పటి ఆలోచనల్నీ, గోకే అలవాటునీ మార్చుకోవడం నేర్పారు. ఇంకొందరికి పాఠాలు, ఈ శిక్షణ రెండూ కలిపి ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ఉత్త పాఠాలు విన్నవాళ్లకన్నా, మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్లకన్నా మనసుకి శిక్షణ దొరికినవాళ్ల చర్మం ఎక్కువ మెరుగుపడింది. వాళ్లు వాడే స్టెరాయిడ్ పూతమందు కూడా తగ్గింది. పదకొండేళ్ల తర్వాత, 2006లో, ఎగ్జిమా ఉన్న పిల్లలకీ వాళ్ల తల్లిదండ్రులకీ ఆరు వారాల తరగతులు పెట్టి చూసిన జర్మన్ అధ్యయనం కూడా ఏడాది తర్వాత మేలు కనిపించిందనే చెప్పింది.

మాట వింటేనే గోకుతారు

మనసుకీ దురదకీ ఉన్న ఈ లంకె తెలియాలంటే ప్రయోగశాల దాకా వెళ్లక్కర్లేదు. ఈ పాటికి ఇది చదువుతున్నవాళ్లలో కొందరు తల గోక్కునే ఉంటారు!

గీలర్ బృందమే దీన్ని పరీక్షించింది. దురద మీద ఉపన్యాసం అని జనాన్ని పిలిచారు. మొదట దురద పుట్టించే పురుగులు, చర్మం మీద గోకిన గుర్తుల బొమ్మలు తెరమీద వేశారు. తర్వాత పసిపిల్లల మెత్తటి చర్మం, స్నానాల బొమ్మలు వేశారు. కెమెరాలు ఉన్నది ఉపన్యాసం తీయడానికి కాదు, జనాన్ని తీయడానికి. మొదటి బొమ్మలప్పుడు జనం గోక్కోవడం పెరిగింది, రెండో బొమ్మలప్పుడు తగ్గింది. హాల్లో పురుగు ఒక్కటీ లేదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో ఇంకో సంగతి చూపించారు. 'దీనివల్ల చాలామందికి దురద పుడుతుంది' అని ముందే చెబితే చాలు, ఆ మాటకే దురద పెరుగుతుంది.

అలాగని 'అంతా నీ మనసులోనే ఉంది' అంటే ఘోరమైన తప్పు. దురదకి సొంత నరాలున్నాయి, సొంత రసాయనాలున్నాయి. మన దురదగొండి నూగునే తీసుకోండి. దద్దుర్లకి వాడే మామూలు బిళ్లలు దాని దురదని పెద్దగా ఆపలేవు. ఎందుకంటే అది హిస్టమిన్ దారిలో కాకుండా మరో దారిలో మెదడుకి వెళ్తుంది. అందుకే శాస్త్రవేత్తలు ప్రయోగాలకి ఆ నూగునే ఏరికోరి వాడుతున్నారు. ఎగ్జిమాలాంటి జబ్బుల్లోనూ ఆ బిళ్లలు అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇలాంటిదే.

మరి ఆలోచన ఎక్కడ దూరుతుంది? దురదకీ గోకుడికీ మధ్య ఉన్న ఆ రెండు సెకన్లలో. గోకితే పుట్టే చిన్న నొప్పి దురదని కాసేపు అణిచేస్తుంది. అందుకే హాయిగా ఉంటుంది. కానీ గోళ్లకి చర్మం పై పొర చిట్లుతుంది, వాపు పెరుగుతుంది, వాపు మళ్లీ దురద పుట్టిస్తుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025 జనవరిలో ప్రచురించిన ఎలుకల ప్రయోగం దీన్నే రుజువు చేసింది. చర్మానికి అలర్జీ తెప్పించి, కొన్ని ఎలుకల మెడకి పట్టీ కట్టి గోక్కోకుండా ఆపారు. వాటికి వాపు బాగా తక్కువ వచ్చింది. గోక్కున్నవాటికి ఎక్కువైంది. మనిషి మెడకి పట్టీ కట్టలేం. 'ఇక నా వల్ల కాదు' అన్న ఆలోచన చేతిని చర్మం మీదికి తోస్తుంది. 'కాసేపు చూద్దాం' అన్న ఆలోచన ఆ చేతిని పట్టుకుని ఆపుతుంది. ఎలుకకి పట్టీ చేసిన పనిని మనిషికి ఆలోచన చేయాలి.

తెలుగులో అడిగితే...

ఇలాంటి ప్రశ్నావళిని ఇక్కడి మనుషుల ముందు పెట్టాలంటే మాటకి మాట తెలుగు రాసేస్తే సరిపోదు. పద్ధతి ప్రకారం ఒకరు తెలుగులోకి మార్చాలి. అసలు కాగితం చూడనివాళ్లు దాన్ని తిరిగి మొదటి భాషలోకి మార్చాలి. రెండూ పోల్చాలి. ఆ తర్వాత నిజమైన రోగుల్ని కూర్చోబెట్టి, 'ఈ మాట చదివితే మీకేం అర్థమైంది?' అని అడగాలి. అసలు చిక్కులు బయటపడేది అక్కడే.

మొదటి చిక్కు దురద అన్న మాటతోనే. కొందరికి దురద, తెలంగాణలో చాలామందికి తీట, కొన్నిచోట్ల నవ, ఇంకొన్నిచోట్ల జిల. తీట అంటే జబ్బూ అవుతుంది, పొగరూ అవుతుంది. 'మీకు తీట ఎంతుంది?' అని కాగితం మీద రాసి చూపిస్తే ఎవరికి కోపం రాదు! కొందరు దురదని మంట అంటారు. కొందరు చిమచిమలాడుతోంది అంటారు, కొందరు పురుగులు పాకినట్టుంది అంటారు. మనిషి ఏ మాట వాడితే ఆ మాటతోనే అడగాలి.

రెండో చిక్కు పెద్దది. ఇక్కడి మనుషుల మనసులో తిరిగే మాటలు జర్మనీ కాగితంలో ఉండవు. 'రక్తం చెడిపోయింది.' 'ఒంట్లో వేడి ఎక్కువైంది.' 'వంకాయ తిన్నాను, అందుకే.' 'నాగదోషం ఉందట.' 'ఈ మచ్చలు చూస్తే పిల్లకి సంబంధం కుదురుతుందా?' 'ఇంట్లో అందరికీ అంటిస్తున్నానేమో!' చివరిది గజ్జి, తామరల విషయంలో నిజమే. ఎగ్జిమా, సోరియాసిస్ విషయంలో పూర్తిగా అబద్ధం. ఆ తేడా చెప్పేవాళ్లు లేక తన కంచం, తన దుప్పటి వేరుపెట్టుకుని, కన్నబిడ్డని ఎత్తుకోవడానికే భయపడే తల్లులుంటారు. వంకాయ, చేప, గుడ్డు, గోంగూర ఒక్కొక్కటే మానేసి చప్పిడి కూడుతో చిక్కిపోయేవాళ్లుంటారు. కొన్ని ఒళ్లకి కొన్ని ఆహారాలు పడకపోవడం నిజమే అయినా, మొండి ఎగ్జిమాకి వంకాయ మానేయడం మందు కాదు. వీళ్లని 'దురద ఎంత?' అని మాత్రమే అడిగితే ఓ అంకె చెప్పి వెళ్లిపోతారు. వేరుపెట్టిన కంచం సంగతి బయటికి రాదు.

ధైర్యం కూడా మోసం చేస్తుంది

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. చేతులెత్తేసే ఆలోచన చెడ్డది, నిబ్బరం మంచిది అని గీత గీసేస్తే మన దగ్గర తప్పులో కాలేసినట్టే. తామర కథే చూడండి.

మందుల షాపులో దొరికే చాలా దురద ట్యూబుల్లో బూజుని చంపే మందుతోపాటు ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన మర్నాటికే ఎరుపు పోతుంది, దురద ఆగుతుంది. 'ఇంకేం భయం లేదు, నా దగ్గర మందుంది' అన్న ధీమా వస్తుంది. ఆలోచనల కాగితం ఇస్తే ఆ మనిషికి నిలదొక్కుకునే మార్కులు బోలెడు పడతాయి. కానీ స్టెరాయిడ్ అణిచింది ఒంటి ఎదురుదాడిని. బూజు లోపల హాయిగా పాకుతుంటుంది. ట్యూబు ఆపగానే రెట్టింపై లేస్తుంది. చర్మం పలచబడి చారలు పడతాయి. ఇంటిల్లిపాదీ అదే తువ్వాలు వాడి అంటించుకుంటారు.

దేశంలో తామర ఇంతగా మొండికేయడానికి ఈ కలగాపులగం ట్యూబుల విచ్చలవిడి వాడకం ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఈ మొండి బూజుకి 2020లో 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని పేరు పెట్టారు. పేరులోనే ఇండియా ఉంది. అప్పటిదాకా రామబాణంలా పనిచేసిన టెర్బినఫిన్ బిళ్లలకి దీనిలోని చాలా రకాలు లొంగడం లేదు.

అంటే మార్కులు కూడితే సరిపోదు, ఆ ఆలోచన నిజమో కాదో కూడా చూడాలి. 'ఇది ఎప్పటికీ పోదు' అనుకునే మనిషికి అది తప్పని చెప్పాలి. 'ట్యూబు ఉందిగా' అనుకునే మనిషికి అదీ తప్పని చెప్పాలి. రెండూ చెప్పాలంటే ముందు వాళ్లేమనుకుంటున్నారో వినాలి.

అయిదు నిమిషాల పని

పెద్దాసుపత్రి ఓపీలో వరస బారుగా ఉంటుంది, ఒక్కో రోగికి దక్కేది రెండు మూడు నిమిషాలు. ఇంకెక్కడి ఆలోచనల కాగితం అనిపించొచ్చు. కానీ దీన్ని డాక్టరే నింపక్కర్లేదు. బయట బెంచీ మీద ఎదురుచూసే గంటలో నర్సో, ఆరోగ్య కార్యకర్తో చదివి వినిపిస్తే చదువు రానివాళ్లు కూడా జవాబు చెప్పగలరు. అదీ కుదరకపోతే డాక్టరు ఒక్క ప్రశ్న అడిగినా చాలు. 'దురద లేచినప్పుడు ఏమనిపిస్తుందమ్మా?' చాలామంది మొదట 'ఏముంది సార్, గోక్కుంటాను' అంటారు. ఇంకో క్షణం ఆగితే అసలు మాట వస్తుంది.

ఇంట్లోనే చేసుకోగలిగినవీ ఉన్నాయి. వారం రోజులు ఓ నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయండి. దురద ఎప్పుడు వచ్చింది, సున్నా నుంచి పదిలో ఎంత, ఆ క్షణంలో ఏమనుకున్నారు. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. వారం తర్వాత చూస్తే కొన్ని సంగతులు వాటంతటవే కనిపిస్తాయి. పనిలో ఉన్నప్పుడు మూడు దాటని దురద పక్క మీద వాలగానే ఎనిమిది ఎందుకవుతోంది? ఇంట్లో గొడవైన రోజు ఎందుకు పెరిగింది? 'ఇక నిద్ర పట్టదు' అనుకున్న రాత్రుల్లో ఎన్నిసార్లు నిజంగానే తెల్లవార్లూ మేలుకున్నారు? చాలాసార్లు గంటలో నిద్రపట్టిందని తేలితే, మర్నాడు రాత్రి ఆ మాటకి బలం తగ్గుతుంది.

'గోకొద్దు' అని ఇంట్లోవాళ్లు కేకలేస్తే మాత్రం ఉపయోగం లేదు. ఆ కేకతో దురదకి సిగ్గు కూడా తోడవుతుంది, చాటుగా గోక్కోవడం మొదలవుతుంది. చేతికి వేరే పని చెప్పాలి. స్వీడన్ పరిశోధకులు 1986లోనే పరీక్షించిన చిట్కా ఇది. గోకాలనిపించగానే పిడికిళ్లు గట్టిగా బిగించి అరనిమిషం ఉండాలి. ఇంకా దురదగా ఉంటే అక్కడ గోకకుండా గట్టిగా నొక్కి పట్టాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవడం, స్నానం కాగానే ఒంటి తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో, వాసన లేని క్రీమో రాసుకోవడం, పండ్ల పని చేసేవాళ్లయితే పొడుగు చేతుల చొక్కా వేసుకుని సొన పడగానే సబ్బుతో కడిగేసుకోవడం... ఇవన్నీ తోడు. తామరకి మాత్రం నూనెలూ, చిట్కాలూ కాదు, డాక్టరు చెప్పినన్నాళ్లూ మందు వాడాలి. రెండు వారాలకి దురద తగ్గిందని మధ్యలో ఆపకూడదు.

ఇంట్లో ఒకరికి ఆరు వారాలు దాటినా దురద తగ్గకపోతే, ఒళ్లు పసుపెక్కినా, బరువు తగ్గినా, కాళ్లు వాచినా ఆలస్యం చేయకూడదు. కారణం చర్మం లోపల ఎక్కడో ఉండొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లాలి. ఆ వారం రోజుల నోటుపుస్తకం కూడా.

కందకి దురద ఉందో లేదో కత్తిపీటకి తెలియదు. మనిషి దురద సంగతి కూడా పక్కవాళ్లకి తెలియదు, అడిగితే తప్ప. అందుకే ఈసారి ఇంట్లో ఎవరైనా రాత్రిపూట లేచి కూర్చుని గోక్కుంటుంటే 'గోకొద్దు' అనేముందు, పక్కన కూర్చుని 'ఏమనిపిస్తోంది?' అని అడగండి.